గుంయ్‌మన్న శబ్దం వెంట మూడు ఊళ్లు

పిల్లలూ, మీ ఇండ్లలో రేడియో ఉన్నదా? ఉంటే ఏ అటక మీదనో, అలమార వెనుకనో దుమ్ము పట్టి ఉంటుంది. మా ఇంట మాత్రం అది ఇంకా మంచం పక్కనే ఉన్నది.

మా సొంత ఊరు మహబూబాబాదుకు కొద్ది దూరంలో ఒక పల్లె. అక్కడ మా బాపు, అమ్మ ఉంటారు. బాపుకు ఎనభై ఏండ్లు దాటినవి. రెండు కళ్లకూ చూపు పోయి ఏడేండ్లు అవుతున్నది. చెవులు కూడా కొంచెం మందం. పొద్దున పాటలు మొదలుకొని రాత్రి వార్తల దాకా ఆకాశవాణి వరంగల్ కేంద్రమే ఆయనకు లోకం.

ఆ రేడియోలో నాలుగు సెల్లులు పడతాయి. బాపు దాని గొంతు పూర్తిగా పెంచి వింటాడు గనుక అవి ఎనిమిది పది రోజులకు మించి రావు. మంచి సెల్లులు కావాలంటే ఎవరైనా మానుకోట పోయినప్పుడు తేవాలి. (మహబూబాబాదును మా వైపు వాళ్లందరూ మానుకోట అనే అంటారు.) ఒక్కోసారి నడిరాత్రి సెల్లులు అయిపోతాయి. "రేడియో ఆగిపోతే తెల్లారేదాక గోడకు మొఖం పెట్టి కూసున్నట్టే ఉంటది బిడ్డా," అని బాపు ఒకసారి ఊరికే అన్నాడు. ఆయన మరిచిపోయాడు గాని, పక్కనే ఉన్న మా మేనల్లుడు మరిచిపోలేదు.

వాడు మా అక్క కొడుకు. మా ఇంట ఉండి జనగామలో పదవ తరగతి చదువుతున్నాడు. "మామా, గోడకున్న కరెంటుతోనే రేడియో నడిచేటట్టు తాతకు నేను పెట్టె చేసి ఇస్తా," అన్నాడు. అటువంటి పెట్టెలను ఎలిమినేటర్లు అంటారు. అంగట్లో దొరుకుతాయి. ఒకటి అంతకు ముందే కొని ఇచ్చాము. అది రెండు రోజులు పనిచేసి, తేనెటీగల తుట్టె లాగ రొద పెట్టింది. బాపు దాన్ని పక్కన పడవేశాడు. అందుచేత ఈసారి మనమే చేద్దామని నేనూ ఒప్పుకున్నాను.

జనగామ పెద్ద పట్నమేమీ కాదు. హైదరాబాదు నుంచి వరంగల్ పోయే రోడ్డు, రైలు రెండూ దాని మీదుగానే పోతాయి. 2016 అక్టోబరు 11న అది జిల్లా కేంద్రమైనది. మహబూబాబాదు, భూపాలపల్లి కూడా అదే రోజున జిల్లాలైనవి. పోతన పుట్టిన బమ్మెర ఈ జిల్లాలోనే ఉన్నది. పట్నానికి దగ్గరలోనే పెంబర్తి. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి కొట్టి హంసలనూ, తీగెలనూ, దేవుళ్లనూ తీసే పనివాళ్ల ఊరు అది. మా వాడు సైకిలు మీద పెంబర్తి పోయి, ఎరిగిన పనివాడిని బతిమాలి, అరచేతి కంటె కాస్త పెద్దదైన ఇత్తడి రేకు ముక్క ఒకటి తెచ్చుకున్నాడు. మూలన ఒక చిన్న హంస కూడా చెక్కి ఉన్నది. తాత పెట్టెకు అలంకారంగా బిగిస్తాడట. తాత కళ్లకు అది కనపడదు గదా అని నేను అనబోయి ఊరుకున్నాను. తడిమి చూస్తే తెలుస్తుంది.

ఇక పెట్టె సంగతి. గోడకున్న కరెంటు 230 వోల్టులు. అది ఒకే వైపు పారదు. సెకండుకు 50 సార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. రేడియోకు కావలసినది 6 వోల్టులు, అదీ ఒకే వైపు, నిలకడగా. ఏనుగు ఘీంకారాన్ని పిల్లనగ్రోవి ఊదినంత మెత్తగా మార్చాలన్న మాట.

మొదట ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను 9 వోల్టులకు దించుతుంది. తరువాత నాలుగు డయోడ్లు. డయోడు కరెంటును ఒక దిక్కుకే పోనిస్తుంది. నాలుగింటిని చతురస్రంగా కలిపితే వెనుకకు పోయే సగాన్ని కూడా ముందుకు తిప్పుతాయి. అప్పుడు కరెంటు ఒకే దిక్కుకు పారుతుంది గాని ఎగుడు దిగుడుగా, సెకండుకు 100 మూపురాలుగా వస్తుంది. ఆ మూపురాల మధ్య పల్లాలను పూడ్చడానికి కండెన్సరు. మూపురం వచ్చినప్పుడు అది నిండుతుంది, పల్లం వచ్చినప్పుడు తనలోనిది ఇస్తుంది. చివర 7806 అనే మూడు కాళ్ల రెగ్యులేటరు. లోపలికి ఎంత వచ్చినా బయటికి సరిగా 6 వోల్టులే పోనిస్తుంది.

గోడ కరెంటు తగిలే పని అంతా నేనే చేశాను. ఫ్యూజు వేసి, ట్రాన్స్‌ఫార్మరును మూసిన పెట్టెలో బిగించి, ఇటువైపు 9 వోల్టుల తీగెలు మాత్రమే వాడి చేతికిచ్చాను. మీరెవరైనా ఇటువంటిది చేయదలిస్తే ఆ పని తెలిసిన పెద్దవాళ్లకే వదలండి. 230 వోల్టులు తప్పు దిద్దుకోవడానికి రెండో అవకాశం ఇవ్వవు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టంకం పని పూర్తయినది. మీటరు పెట్టి చూస్తే 6.02 వోల్టులు. మా ఇంటి రేడియోకు తగిలించాము. చక్కగా పాడింది. వాడు గంతులు వేశాడు. "పరీక్ష అయిపోయింది మామా!" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఇరవై ఏండ్లు సైన్సు పాఠాలు చెప్పినవాడిని, నాకైనా అనుమానం రావలసింది. రాలేదు.

సంక్రాంతి సెలవులకు బయలుదేరాము. ముందు మా ఊరు, తరువాత వాడిని భూపాలపల్లిలో మా అక్క ఇంట దించాలి. జనగామ స్టేషనులో రైలెక్కాము. కాజీపేట దాటాము. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజనీరింగు కళాశాల, ఇప్పుడు నిట్ అంటున్నారే, అది కాజీపేటకూ హన్మకొండకూ మధ్యనే ఉన్నది. వాడు కిటికీలోనుంచి మెడ సాచి చూశాడు గాని చెట్లు తప్ప ఏమీ కనపడలేదు.

కాజీపేటలో బండి ఆగినప్పుడు పక్క పట్టాల మీద ఒక కరెంటు ఇంజను నిలబడి గుంయ్‌మంటున్నది. "చూశావా, అది నీ పెట్టెకు పెద్దన్న," అన్నాను. నిజానికి అంతే. పైనున్న తీగెలో 25 వేల వోల్టులు ఉంటాయి. ఇంజను నెత్తి మీద మడత కుర్చీ లాంటి చట్రం ఆ తీగెను తాకుతూ కరెంటును లోపలికి తెస్తుంది. లోపల ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు దాన్ని దించుతుంది. పాత రకం ఇంజన్లలో సిలికాన్ డయోడ్ల వరుసలు దాన్ని ఒకే దిక్కుకు తిప్పి చక్రాల మోటార్లకు ఇస్తాయి. కొత్త రకాలలో అలా తిప్పిన దాన్ని మళ్లీ మోటార్లకు కావలసిన విధంగా ఊగేటట్టు చేస్తారు. ఎన్నో బోగీలను లాగేది ఈ పని వల్లనే. మా వాడు తన సంచీలోని పెట్టెను ఒకసారి తడిమి చూసుకున్నాడు.

వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటినవి. రెండు వైపులా మిరప చేలు, కాలువలు, ఎక్కడ చూసినా బోరు మోటార్లు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ మోటార్ల సంగతి మా కథలోకి త్వరలోనే వస్తుంది.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైనది. బాపు గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు. "పెట్టె తెచ్చినవా బిడ్డా?" అని మనుమణ్ణి దగ్గరకు తీసుకున్నాడు. హంసను వేళ్లతో తడిమి చూసి నవ్వాడు. రేడియోలోనుంచి సెల్లులు తీసివేసి పెట్టె తగిలించాము. పాట వచ్చింది. బాపు అలవాటు ప్రకారం గొంతు పూర్తిగా పెంచాడు.

గుంయ్‌మన్నది.

పాట వెనుక ఒకటే రొద. వార్తలు మొదలైనవి. చదివే ఆమె గొంతు బావిలోనుంచి వస్తున్నట్టు ఉన్నది. మా వాడు తీగెలు కదిపాడు, ప్లగ్గు తిప్పి పెట్టాడు. రొద పోలేదు. కాసేపు విని బాపు, "మంచిగనే ఉన్నది బిడ్డా. కాని పొద్దుపోయింది, ఇయ్యాల్టికి సెల్లులే పెట్టు," అన్నాడు. ఆ మాట మెత్తగానే అన్నాడు. అందుకనే వాడికి ఎక్కువ తగిలింది. లేచి గొడ్ల కొట్టం వైపు పోయాడు.

నేను మీటరు తీసి గోడ కరెంటును చూశాను. 180 వోల్టులు! మా ఇల్లు ఊరి చివర ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఊరి మొదట్లో ఉన్నది. మధ్యలో పొడుగాటి తీగె, దానికి తోడు చేలలో మోటార్లన్నీ ఒక్కసారి లాగుతున్నవి. తీగె ఎంత పొడుగైతే, అందులో ఎంత ఎక్కువ కరెంటు పారితే, దారిలో అన్ని వోల్టులు తరిగిపోతాయి. జనగామలో పట్టపగలు, రేడియో గొంతు తగ్గించి పరీక్ష చేశాము. ఇక్కడ మోటార్ల వేళ, గొంతు పెంచి వాడుతున్నారు. పరీక్ష ఒక చోట, పని ఇంకొక చోట!

రాత్రి బువ్వ తిన్నాక నేను ఆ సంగతి వాడికి చెబుతుంటే మంచం మీది నుంచి బాపు వింటున్నాడు. "నాకొకటి చెప్పు. ఆ కండెన్సరు అంటే మోట తొట్టి లాంటిదేనా?" అన్నాడు.

పిల్లలూ, మీలో మోట చూసినవాళ్లు ఉండరు. మోటార్లు రాకముందు బావిలోనుంచి నీళ్లు ఎద్దులతో తోడేవారు. ఎద్దులు దిగుడు బాటలో ముందుకు పోతే తోలు మోట నిండుగా పైకి వచ్చి భళ్లున పోసేది. అవి వెనుకకు వస్తే మళ్లీ బావిలోకి దిగేది. నీళ్లు విడతలు విడతలుగా వచ్చేవి.

"మోట పోసినప్పుడు తొట్టి నిండుతది," అన్నాడు బాపు. "మళ్ల మోట వచ్చేదాక తగ్గుకుంట పోతది. కాలువకు నీళ్లు తక్కువ పెడితే తొట్టి ఆగుతది. రెండు కాలువలు ఇప్పినవా, మోట వచ్చేలోపల తొట్టి అడుగంటుతది, పారకం తెగుతది. నువ్వు మా ఇంటికాడ రెండు కాలువలు ఇప్పినవు. నీ తొట్టి జనగామకు సరిపోయిన తొట్టి."

నేను పాఠశాలలో అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. మా వాడు లేచి కూర్చున్నాడు. కాగితం తీసి లెక్క వేశాము. మీరూ వేసి చూడండి. 230 కి 9 అయితే 180 కి సుమారు 7 వోల్టులు. ఊగే కరెంటు మూపురం ఎత్తు ఆ లెక్కకు 1.41 రెట్లు ఉంటుంది, అంటే 10 కి కొంచెం తక్కువ. డయోడ్లు దారిలో 1.4 తింటాయి. మిగిలినది ఎనిమిదిన్నర. రేడియో గొంతు పెంచితే మూపురానికీ మూపురానికీ మధ్య 1000 మైక్రోఫారడ్ల కండెన్సరులో ఇంచుమించు 2 వోల్టులు దిగిపోతాయి. మిగిలినది ఆరున్నర. రెగ్యులేటరు 6 వోల్టులు సరిగా ఇవ్వాలంటే దాని ముందు కనీసం 8 ఉండాలి.

రెగ్యులేటరు చెరువు తూము దగ్గర నీరటికాని వంటిది. చెరువులో నీళ్లు తూముకు పైన ఉన్నంత వరకు వాడు కొలిచినట్టు వదులుతాడు. నీళ్లు తూము కిందికి దిగితే నీరటికాడు మాత్రం ఏం చేస్తాడు? మా పెట్టెలో సెకండుకు 100 సార్లు నీళ్లు తూము కిందికి దిగుతున్నవి. ఆ 100 దిగుళ్లే చెవికి గుంయ్‌మని వినిపిస్తున్నవి.

మరునాడు మానుకోట పోయాము. బజారులో ఒక పాత రేడియో మెకానిక్కు ఉన్నాడు. ఆయన దుకాణంలో ఈసీఐఎల్ వారి పాత టీవీ ఒకటి అటక మీద ఉన్నది. 1967లో హైదరాబాదులో ఆ సంస్థను నెలకొల్పి పెంచిన శాస్త్రవేత్త అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవాడు. ఆ టీవీల కోసం ఒకప్పుడు జనం ఎదురు చూసేవారు. మెకానిక్కు దాన్ని అమ్మడట, బాగు చేయడట, అలా ఉంచుతాడట.

మా పెట్టెను తిప్పి చూసి ఆయన మొదట అడిగిన మాట: "బరువు పెట్టి చూసినవా?"

బరువంటే లోడు. రేడియో బదులు ఒక రెసిస్టరును తగిలించి, పెట్టె నుంచి కావలసినంత కరెంటు లాగించడం. 6 వోల్టులకు 30 ఓముల రెసిస్టరు పెడితే ఒక ఆంపియరులో ఐదో వంతు లాగుతుంది. రేడియో గొంతు పూర్తిగా పెంచితే లాగేది ఇంచుమించు అంతే. పాట లాగ ఎక్కువ తక్కువలు ఉండవు గనుక మీటరులో నిలకడగా చదవవచ్చు. ఆయన దగ్గర వేరియాక్ అనే గుండ్రటి పరికరం ఉన్నది. దాని పిడిని తిప్పితే గోడ కరెంటును సున్నా నుంచి 260 వోల్టుల దాకా ఎంతకంటే అంతకు పెట్టవచ్చు. మా ఊరి సాయంత్రాన్ని ఆయన బల్ల మీదనే తయారు చేయవచ్చునన్న మాట!

230 దగ్గర 6 వోల్టులు. 220, 210 దగ్గర కూడా అంతే. 200 దగ్గరకు వచ్చేసరికి చిన్న స్పీకరులో రొద మొదలైనది. 180 దగ్గర నిన్న రాత్రి విన్న శబ్దమే! మా వాడి ముఖం వెలిగింది. తప్పు దొరికినందుకు అంత సంతోషించిన వాడిని నేను చూడలేదు.

ఇక మార్పులు. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు తీసి 12 వోల్టులది వేయడం మొదటిది. కండెన్సరు 1000 బదులు 2200 పెట్టడం రెండవది. బాపు చెప్పినట్టు పెద్ద తొట్టి! ఇక్కడే ఆయన వాడి చేతిలోని కండెన్సరును చూసి, "ఇది 16 వోల్టులది. పేలుతది," అన్నాడు. ఎందుకంటే పరీక్ష తక్కువ వైపే కాదు, ఎక్కువ వైపు కూడా చేయాలి. మోటార్లు ఆగిన నడిరాత్రి గోడ కరెంటు 250 దాటవచ్చు. పైగా చిన్న ట్రాన్స్‌ఫార్మరు బరువు లేనప్పుడు తన మీద రాసిన దానికన్నా ఎక్కువే ఇస్తుంది. అందుచేత 35 వోల్టులది వేశాడు.

ఎక్కువ వైపు ఇంకొక చిక్కు ఉన్నది. 260 దగ్గర రెగ్యులేటరుకు 17 వోల్టులు వస్తాయి. అది 6 పోనిచ్చి మిగతా 11 ను తనలోనే వేడిగా మార్చుకుంటుంది. రెండు వాట్లకు పైగా వేడి, వేలి గోరంత ముక్కలో! పది నిమిషాలలో అది ముట్టుకుంటే చుర్రుమన్నది. "దీనికి ఒక రేకు బిగించాలి. అల్యూమినియం ముక్క తెస్తా ఆగు," అని ఆయన లేవబోయాడు.

మా వాడు ఆయనను ఆపి, పెట్టె మీది పెంబర్తి రేకును చూపించాడు. "ఇది సరిపోదా?"

ఇత్తడి వేడిని అల్యూమినియం అంత బాగా లాగదు. ఇంచుమించు సగమే. కాని రేకు పెద్దది, బయటి గాలి తగులుతుంది. మెకానిక్కు రెగ్యులేటరును దానికే మరతో బిగించాడు. రెండు గంటలు 260 వోల్టుల మీద ఉంచాము. మేము పోయి ఇడ్లీలు తిని వచ్చాము. రేకు గోరువెచ్చగా ఉన్నది, అంతే. తరువాత వేరియాక్‌ను 150 దాకా దించినా మీటరు ముల్లు 6 దగ్గరి నుంచి కదలలేదు. పనికి ఆయన డబ్బు తీసుకున్నాడు, సామానుకు తీసుకున్నాడు, మాటలకు మాత్రం తీసుకోలేదు.

ఊరికి పోయే బండి కోసం స్టేషను దగ్గర నిలబడితే, నాకు తెలిసిన సిగ్నలు పనివాడు కనిపించాడు. వాడి ప్రశ్నలకు ఆయన నవ్వి ఒక సంగతి చెప్పాడు. కరెంటు పోయినా రైలు సిగ్నలు ఆరకూడదు గదా! అందుకని చాలా స్టేషన్లలో ఒక గది నిండా 2 వోల్టుల సెల్లులు 55 పేర్చి ఉంటాయట. మొత్తం 110 వోల్టులు. పట్టాల పైన ఉండే 25 వేల వోల్టుల తీగె నుంచి గాని, ఊరి కరెంటు నుంచి గాని వాటికి ఎప్పుడూ నింపుడు జరుగుతుంటుంది. అన్నీ పోయి సెల్లులు బాగా దిగితే, జనరేటరు వేయమని స్టేషను మాస్టరుకు గంట మోగుతుంది. "అయితే వాళ్లు కూడా తాత లాగ సెల్లులనే నమ్ముతారు," అన్నాడు మా వాడు.

ఆ సాయంత్రం మోటార్ల వేళకు పెట్టె తగిలించి, బాపు గొంతు పెంచాడు. రొద లేదు. బాపు ఏమీ అనలేదు. రేడియోను దగ్గరకు లాక్కుని, వెచ్చగా ఉన్న హంస మీద చెయ్యి పెట్టి, వార్తలు అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు.

మూడవ రోజు భూపాలపల్లికి బస్సెక్కాము. హన్మకొండ, పరకాల, రేగొండ దాటి చెల్పూరు దగ్గరకు రాగానే ఆకాశాన్ని అంటే పొగ గొట్టాలు, వాటి పక్కన నడుము సన్నని పెద్ద గోపురాలు కనిపించినవి. అది కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం. 500 మెగావాట్ల మొదటి యంత్రం 2010లోను, 600 మెగావాట్ల రెండవది 2016లోను పనిలోకి వచ్చినవి. దగ్గరలోనే గణపురం కోటగుళ్లు, పక్కన కాకతీయుల నాటి చెరువు. ఆ తూముకు ఒకప్పుడు నీరటికాడు ఉండేవాడు. ఇక్కడ ఈ యంత్రానికి ఎందరో ఉన్నారు.

మా బావ సింగరేణి గనిలో పనిచేస్తాడు. ఆయన మమ్మల్ని మోటారు సైకిలు మీద చెల్పూరు రోడ్డుకు తీసుకుపోయాడు. లోపలికి పోవడానికి మాకు అనుమతి లేదు. కంచె బయటి నుంచే చూశాము. బొగ్గు మండి నీరు ఆవిరవుతుంది, ఆవిరి టర్బైనును తిప్పుతుంది, టర్బైను జనరేటరును తిప్పుతుంది. ఇటువంటి జనరేటరు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. 3000 ను 60 తో భాగించండి. సెకండుకు 50 చుట్లు. చుట్టుకు ఒక్కసారి కరెంటు ముందుకూ వెనుకకూ ఊగుతుంది.

మా వాడు ఒక్క క్షణం ఆగాడు. "అంటే మామా... తాత రేడియోలో గుంయ్‌మన్నది ఇదేనా?"

ఇదే! డయోడ్లు రెండు సగాలను ఒకే దిక్కుకు తిప్పుతాయి గనుక 50 రెట్టింపై 100 అయినది. మా బాపు విన్నది, ఒక విధంగా, ఈ ఇనుప చక్రం తిరిగే చప్పుడు. ఈ ఒక్క చక్రమే కాదు. 2013 డిసెంబరు 31న దక్షిణాది విద్యుత్తు వల మిగతా దేశపు వలతో కలిసిన నాటి నుంచి, దేశంలో ఆ వలకు తగిలించిన ఇటువంటి యంత్రాలన్నీ ఒకదానితో ఒకటి అడుగు కలిపి తిరుగుతున్నవి. శ్రీశైలం, నాగార్జునసాగరు దగ్గర నీళ్లతో తిరిగేవి నెమ్మదిగా తిరుగుతాయి. కాని వాటిలో అయస్కాంతపు కొసలు ఎక్కువ ఉంటాయి గనుక అవీ 50 కే అందుతాయి. కోలాటం వేసేవాళ్లలో కొందరి అడుగు పెద్దది, కొందరిది చిన్నది అయినా తాళం ఒకటే గదా, అట్లా.

బావ ఇంకొకటి చెప్పాడు. ఇటువంటి విద్యుత్కేంద్రాలలో కూడా సెల్లుల గది ఒకటి తప్పకుండా ఉంటుందట. కరెంటు పుట్టించే చోటనే కరెంటు పోతే, అంత వేగంగా తిరిగే యంత్రానికి నూనె అందించే పంపు ఆగకూడదు. నూనె లేకపోతే ఆగేలోపలే బేరింగులు కాలిపోతాయి. అందుకని ఆ పంపును సెల్లుల మీద నడిపే ఏర్పాటు. మా వాడికి ఇది చాలా నచ్చింది. ఇంటికి పోయేదాకా అదే చెప్పాడు.

రాత్రి బావ తన పని గురించి చెప్పాడు. గనిలోకి దిగేముందు ప్రతి కార్మికుడు ల్యాంపు రూములో తన దీపాన్ని తీసుకుంటాడు. ఎనిమిది గంటల షిఫ్టు అంతా అది వెలగాలి. గనిలో మండే వాయువు ఉండవచ్చు గనుక, తెగినా, పగిలినా దానిలోనుంచి నిప్పురవ్వ రాకూడదు. "మీ పెట్టె పాడైతే పాట ఆగుతది. మా దీపం పాడైతే అక్కడ తొవ్వ కనపడదు," అన్నాడు బావ. మా అక్క, "తినేటప్పుడు అవే ముచ్చట్లా," అని కసిరింది. ఆయన మాట మార్చాడు. మా వాడు మాత్రం తండ్రి వైపు చాలా సేపు చూశాడు.

మరునాడు సాయంత్రం మోటార్ల వేళ చూసి వాడు తాతకు ఫోను చేశాడు. పెట్టె ఎట్లున్నది అని అడిగి, రేడియో దగ్గర ఫోను పెట్టమన్నాడు. కాసేపు చెవికి గట్టిగా ఆనించుకుని విన్నాడు. నేను వాడికి చెప్పాను: పాత రకం ఫోను సెకండుకు 300 ఊపుల కంటె తక్కువ శబ్దాన్ని సరిగా మోయదు, 100 ఊపుల రొద ఉన్నా నీకు ఇక్కడ వినపడకపోవచ్చు.

"అయితే తాతనే అడగాలె," అని వాడు గట్టిగా, "తాతా! గుంయ్‌మంటున్నదా?" అన్నాడు.

అటునుంచి బాపు గొంతు నాకు కూడా వినిపించింది. "పాట వస్తున్నది, ఊకో బిడ్డా. మధ్యల మాట్లాడకు," అన్నాడు. ఫోను పెట్టేశాడు.